ఆళ్లగడ్డ నుంచి పొద్దుటి బెడ్డు

కరోనా సద్దుమణిగిన మరుసటేడు. ఆళ్లగడ్డలో మా నెట్ సెంటర్ అంటే నాలుగు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, నేను. అంతకుముందు ఆ గది ఎస్టీడీ బూతు. మా ఆయన పోయినాక నా చేతికొచ్చింది. నంబర్లు తిప్పీ తిప్పీ నాకు ముందు అంకెలు వచ్చినాయి, అక్షరాలు నలభై దాటినాకే. కాబట్టి ఇక్కడ రాసేది పుస్తకాల్లో చదివింది కాదు. కొంత నేను చూసింది, కొంత నంద్యాల ఇంజినీరమ్మ శ్రావణి చెప్పింది.

మా వీధిలో గాజులమ్మే షరీఫా భర్త బాషాకు కిడ్నీలు చెడిపోయినాయి. రోజు తప్పించి రోజు నంద్యాల పోయి డయాలసిస్ చేయించుకోవాల, అంటే మిషన్‌తో రక్తం కడిగించుకోవాల. అక్కడి చిన్న ప్రైవేటు సెంటర్లో ఫోన్ చేసినవాళ్లకు బెడ్లు రాసేవాళ్లు. తెలిసినోళ్లకే ఇస్తున్నారని గొడవైంది. దాంతో వెబ్ పేజీ పెట్టినారు. రేపటి బెడ్లు ఈరోజు పొద్దున పది గంటలకు తెరుస్తారు. ఎవరు ముందు నొక్కితే వాళ్లది.

బాషాకు ఎప్పుడు చూసినా సాయంత్రం బెడ్డే. మిషన్ మీద నుంచి లేచేసరికి బస్సులు తగ్గిపోయి ఉంటాయి, వచ్చిన బస్సులో కాలు పెట్టే చోటుండదు. నిలబడి వస్తూ ఒకసారి కళ్లు తిరిగి పడినాడు.

"అక్కా, నువ్వు నిదానంగా నొక్కుతాండావ్," అని షరీఫా ఒకరోజు మొహం మీదే అనింది.

"నా వేలు బాగానే ఉండాది. పేజీనే రాలేదు, సూడు."

చూసింది. బెడ్ల పట్టిక వచ్చింది. ఒక బెడ్డు నొక్కితే మళ్లీ చక్రం తిరగడం మొదలు. అది ఆగేసరికి పొద్దుటి బెడ్లన్నీ ఎర్రగా మారిపోయినాయి. బాషా మూల కుర్చీలో కూర్చుని నవ్వినాడు.

"పోనీలే అక్కా. సాయంత్రమైతే నంద్యాల కాస్త చల్లగా ఉంటాది."

"నువ్వు ఊరుకో," అని పేజీ అడుగున ఉన్న నంబరుకు ఫోన్ చేసినా. ఎత్తింది శ్రావణి. ఆ పేజీని చూసుకునేది ఆ అమ్మాయే.

"మీ పేజీ నంద్యాలోళ్లకేనా తల్లీ?"

"ఇక్కడ బాగానే వస్తోంది పెద్దమ్మా."

"ఆడ కూర్చుంటే ఆడ బాగానే వస్తాది. ఈడికొచ్చి సూడు."

నిజంగానే మరుసటి రోజు బస్సెక్కి వచ్చింది. నా పక్కన కూర్చుని, చక్రం తిరగడం తన కళ్లతోనే చూసింది. తర్వాత నాకు అర్థమయ్యేటట్లు చెప్పింది. ఆ పేజీ ముందే చేసి పెట్టింది కాదు. మనం అడిగినప్పుడు ఏ బెడ్డు ఖాళీగా ఉందో చూసి, సర్వర్, అంటే పేజీలు పంపే కంప్యూటరు, అప్పటికప్పుడు తయారుచేస్తాది. ఎంత పొడవు వస్తాదో దానికే ముందు తెలీదు. అందుకని పంపడం అయిపోయిందని తెలపడానికి లైను కోసేస్తాది. ఇంకోటి అడగాలంటే మళ్లీ కొత్త లైను. మా ఊరి బలహీనపు నెట్‌లో కొత్త లైను కలవడానికే సగం కాలం పోతాది.

"బూతులో ఒక్కో మాటకు ఫోన్ పెట్టేసి మళ్లీ తిప్పినట్లా?" అన్నాను.

"అచ్చం అంతే. కొయ్యకుండా ఉంచే పద్ధతి ఉంది పెద్దమ్మా. కీప్ అలైవ్ అంటారు."

పేజీని ముక్కలుగా పంపాలంట. ప్రతి ముక్కకూ ముందు దాని పొడవు చెప్పాలంట. చివర ఖాళీ ముక్క పంపితే అయిపోయిందని లెక్క. లైను అట్లే ఉంటాది. ఆళ్లగడ్డ మీద జాలితో శ్రావణి, ఊరికే ఉన్న లైనును కూడా పావుగంట దాకా కొయ్యకుండా పెట్టింది. ఎంతసేపు ఆగాలో చెప్పే ఆ గడువును టైమౌట్ అంటారు.

మొదట్లో పేజీ పరుగెత్తింది. బాషాకు పొద్దుటి బెడ్డు దొరికింది. వారం తిరగకముందే, పది కొట్టేసరికి పేజీ అసలు తెరుచుకోలేదు. ఆ రోజు బాషాకు సాయంత్రం బెడ్డు కూడా లేదు. మరుసటి రోజుకు కాళ్లు వాచి, మూల కుర్చీలో ఆయాసపడుతూ కూర్చున్నాడు. నవ్వలేదు. నాకు భయమేసింది.

నేను ఫోన్ చేస్తే శ్రావణి పొద్దున్నే మళ్లీ వచ్చింది. షరీఫా చేతిలో ఒక ఫోన్, ఒళ్లో ఇంకోటి. రెండింట్లోనూ అదే పేజీ.

"ఇంకా తొమ్మిదే కదా అక్కా, ఇప్పుడే ఎందుకు తెరిచారు?" అని శ్రావణి ఆమెను అడిగింది.

"సీటు పోకుండా అమ్మా. బస్సు కిటికీలోంచి టవల్ ఏస్తాం గదా, అట్ల. మా మిషన్ కాడ అందరూ ఇట్లే చేస్తాండారు. పేజీ నిద్రపోకుండా మధ్య మధ్యలో వేలితో కిందికి లాగుతాంటా, మళ్లీ కొత్తగా వస్తాది."

శ్రావణి తల పట్టుకుంది. సర్వర్ ఒకేసారి పట్టుకోగలిగే లైన్లు కొన్నే. పావుగంట గడువు వల్ల టవళ్లు వేసినవాళ్లే వాటన్నిటినీ పట్టేసుకున్నారు. లోపల అందరూ ఊరికే కూర్చున్నారు, బయట బాషాకు చోటు లేదు.

"మా తప్పేనా అమ్మా?" అని షరీఫా అడిగింది.

"కాదక్కా. పావుగంట పెట్టింది నేనే."

అక్కడే కూర్చుని టైమౌట్‌ను కొన్ని సెకన్లకు తగ్గించింది. పట్టిక రావడానికి, బెడ్డు నొక్కడానికి అది చాలు. ఆ తర్వాత లైను ఇంకొకరికి. పది గంటలకు నేను నొక్కినా. పొద్దుటి బెడ్డు పచ్చగా వచ్చింది. షరీఫా రెండు ఫోన్లూ కొంగులో చుట్టుకుని ఏడ్చింది. బాషా మాత్రం, "రేపు నంద్యాల ఎండలో చస్తానేమో," అన్నాడు.

ఇప్పటికీ రోజూ పొద్దుటి బెడ్డే దొరకదు. నంద్యాలోళ్లకూ అదే రోగం కదా. కానీ దొరకకపోతే బెడ్డు లేక దొరకలేదు, లైను లేక కాదు. లైను తెరిచి ఉంచడం మంచిదే. ఎప్పుడు వదలాలో తెలియకపోతే ఆ మంచే ఇంకొకరి ప్రాణం మీదికి వస్తాదని ఆ వారంలో నేర్చుకున్నా. నా సెంటర్లోనూ అదే పద్ధతి. పని అయిపోయినాక ఎవరైనా లేవాల్సిందే.

మూల కుర్చీకి మాత్రం టైమౌట్ పెట్టలేదు. అది బాషాది.