రైలు వెళ్ళేదాకా

నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. అలాంటిదానివి పిల్లలకు పాఠాలేం చెబుతావని మా ఇంట్లో అందరూ అన్నారు, అందుకే టీచరునయ్యాను. మావారి ఉద్యోగం కలకత్తా సాల్ట్ లేక్‌లో. గుంటూరు నుంచి కాపురానికి వచ్చి, ఫ్లాట్‌లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోలేక, సంత్రాగాఛి రైల్వే క్వార్టర్ల పక్కనున్న చిన్న బడిలో తెలుగు మీడియం తరగతికి టీచరుగా చేరాను. ఆ పిల్లల తాతలు శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చినవాళ్ళు. పిల్లలు నన్ను టీచరమ్మా అనడానికి బదులు బెంగాలీ పద్ధతిలో దిదిమణీ అని పిలిచి, ఆ వెంటనే ఏటి రాయాల అని అడుగుతుంటే మొదట్లో నవ్వొచ్చేది. ఆ నవ్వు ఎన్నాళ్ళో నిలవలేదు.

బడి గోడకు అవతలే రైల్వే యార్డు. గూడ్సు బండి వెళ్తుంటే కిటికీ అద్దాలు గలగలలాడతాయి, పక్కవాళ్ళ మాట కూడా వినిపించదు. నేను బండితో పోటీపడి అరిచేదాన్ని. సాయంత్రానికి గొంతు పోయేది. అదైనా భరించేదాన్నే.

ఒక మధ్యాహ్నం ఏడో ఎక్కం చెప్పిస్తున్నాను. "ఏడెనిమిదులు యాభై..." అన్న దగ్గర తరగతి మొత్తం ఆగిపోయింది. నోళ్ళు సగం తెరుచుకుని ఉన్నాయి. ఒక్కరూ కదలరు. బయట ఏ చప్పుడూ లేదు. ఆటపట్టిస్తున్నారనుకుని కసిరాను. నావైపు చూడనైనా చూడలేదు. అందరూ మెల్లగా తలలు తిప్పి, ఎవరూ లేని చివరి బెంచీని చూస్తూ ఉండిపోయారు. కాసేపటికి అద్దాలు సన్నగా మోగాయి. అప్పుడొచ్చింది బండి. అది వెళ్ళిపోయాక పిల్లలు ముందుకు తిరిగి, ఒకే గొంతుతో "ఆరు" అన్నారు.

ఆ ఉద్యోగం నాకొద్దని ఆ సాయంత్రమే మావారితో చెప్పాను. పిల్లలు అరిస్తే భయపడాలిగానీ నోరు మూసుకుంటే భయమేమిటని ఆయన నవ్వారు. ఒళ్ళు మండిపోయింది. మర్నాడు హెడ్మాస్టరుకు చెబితే ఆయనేమో, తరగతి నా చేతిలో లేదని, దుర్గాపూజ సెలవుల తర్వాత స్వయంగా వచ్చి చూస్తానని, అప్పటికీ ఇలాగే ఉంటే తెలుగు తరగతి ఎత్తేసి పిల్లల్ని హిందీలో కలిపేస్తానని చెప్పారు. అంతదాకా వచ్చాక పారిపోవడానికి నాకు పౌరుషం అడ్డొచ్చింది.

నాకు తోడుగా హెడ్మాస్టరే పెద్ద టీచర్ని పంపారు. ఆ తరగతి అంతకుముందు ఆవిడదే. ఊపిరితిత్తుల జబ్బుతో సెలవులో ఉండి, గట్టిగా మాట్లాడవద్దని డాక్టరు చెబితే, ఊరికే కూర్చోవడానికి వచ్చారు. వచ్చి నేరుగా ఆ చివరి బెంచీలోనే కూర్చున్నారు. రైలొచ్చే ముందు పాఠం ఎక్కడుంటే అక్కడ ఆపేయడం, తను వెళ్ళి ఆ బెంచీలో కూర్చోవడం, బండి పోయాక తల ఊపడం, ఆ ఊపుతో పిల్లలు మళ్ళీ అందుకోవడం ఆవిడ పెట్టిన అలవాటు. అంతా తెలిశాక నాకు కొంత ధైర్యం వచ్చింది. అయినా చప్పుడు రాకముందే పిల్లలకెలా తెలుస్తోందని అడిగాను.

"సెప్పులిప్పు," అన్నారావిడ.

పిల్లల్లాగే విప్పాను. సిమెంటు నేల చల్లగా తగిలింది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత అరికాళ్ళ కింద ఏదో సన్నగా వణికింది. భూమిలో ఎవరో కదిలినట్టనిపించి కాళ్ళు వెనక్కి తీసుకున్నాను.

"ఆగినప్పుడు నీకేటి పని లేదనుకున్నావా అమ్మా? మొకాలు సూడు. తెలిసినోడు తరవాత మాట నోట్లో పట్టుకునుంటాడు. తెలీనోడు పక్కోడి నోరు సూత్తాడు."

అప్పటినుంచి నేను బండి వచ్చినప్పుడల్లా మొహాలు చూశాను. కిటికీ పక్కపిల్ల అందరికన్నా గట్టిగా ఎక్కం చెబుతుంది. తరగతికల్లా తెలివైనదని నేను మురిసిపోయిన పిల్ల. ఆగిన ప్రతిసారీ ఆ పిల్ల చూపు పక్కదాని పెదవుల మీదే ఉంది. బడి వదిలాక దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాను. పెద్ద టీచరు నా పాఠంలో రోజుకొక్క తప్పే చూపించేవారు. ఎన్ని కనపడినా ఒక్కటే. ఆ ఒక్కదానికే నాకు ఉక్రోషం వచ్చేది. కోపం తెచ్చుకో, రైలెల్లేదాకా ఆపుకో అని నవ్వేవారు.

నా గొంతు బాగుపడింది. పిల్లలు దారికొచ్చారు. ఒక్కటి మాత్రం నాది కాలేదు. ఒకసారి బండి పోగానే నేనే తల ఊపాను. ఒక్కరూ పలకలేదు. వెనక్కి తిరిగి, ఆవిడ ఊపాకే అందుకున్నారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"అది నానియ్యలేనమ్మా," అన్నారావిడ. "ఆళ్ళే ఇవ్వాల."

పూజ సెలవుల్లో ఆవిడ పోయారు. పిల్లలందరూ ఆవిడ క్వార్టరుకు వెళ్ళి చూసి వచ్చారట. నాకు కబురు ఆలస్యంగా అందింది. ఆవిడకు నేను ఎంత రుణపడ్డానో చెప్పనే లేదు.

బడి తెరిచిన రోజునే హెడ్మాస్టరు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. లోపలికి రండి అన్నా రాలేదు. చెప్పులు విప్పి ఎక్కం మొదలుపెట్టించాను. "ఏడెనిమిదులు యాభై..."

ఆగిపోయారు.

అరికాళ్ళ కింద ఏమీ లేదు. అద్దాలు కదల్లేదు. ఎదురుచూశాను. బండి రాలేదు. పిల్లలంతా తలలు తిప్పి చివరి బెంచీని చూస్తున్నారు. హెడ్మాస్టరు నన్ను చూస్తున్నారు. అరవాలని గొంతుదాకా వచ్చింది, ఆపుకున్నాను. నేనూ ఆ ఖాళీ బెంచీని చూశాను. నాకు చాలా భయమేసింది.

అప్పుడు నేల వణికింది. యార్డు వైపు నుంచి కాదు. వెనక బెంచీ దగ్గర మొదలై, వరసల మధ్యగా వచ్చి, నా పాదాల కింద ఆగింది.

పిల్లలు ఒక్కొక్కరే నావైపు తిరిగారు. మొహాలు చూశాను. కిటికీ పక్కపిల్ల ఎవరి పెదవులూ చూడటం లేదు. మాట నోట్లో పట్టుకుని నాకోసం ఆగి ఉంది. నేను తల ఊపాను.

"ఆరు," అన్నారు అందరూ.

ఎక్కం పూర్తయ్యాక హెడ్మాస్టరు నన్ను బయటికి పిలిచి, తరగతి బాగుందన్నారు. కానీ బండి రాలేదు కదా, ఎందుకాగారని అడిగారు.

వచ్చి వెళ్ళిందండీ అని చెప్పాను.