గోడ నీడన నిద్ర

తెలంగాణ ఉద్యమం రోజులవి. కొత్తగూడ చౌరస్తాలో ఉద్యమకారులు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తుంటే మా బస్సు ఆగిపోయింది. మాదాపూర్‌లో కాలనీవాళ్లు పెట్టిన యోగా శిబిరం నుంచి వస్తున్నాను. శవాసనంలో కళ్లు మూసుకోవడం ఆ రోజు కూడా నా వల్ల కాలేదు. ఆసుపత్రిలో నా భార్య మంచం పక్కన ఒక్క కునుకు తీసి లేచేసరికి ఆమె పోయింది. అప్పటి నుంచి నిద్రంటే భయం.

పక్క సీట్లో హౌస్‌కీపింగ్ యూనిఫాంలో ఉన్న ఆమె నా చాప చూసింది.

"గదేంది సార్?"

"యోగా చాపమ్మా. ఒళ్లు వదిలేసి పడుకోవడం నేర్పుతారు."

"పండుకునుడు గూడ నేర్పుతరా? నాకైతే లేపెటోళ్లు గావాలె. డబుల్ డ్యూటీ జేసిన. జర ఆ చాప ఇయ్యి, బస్సు కదిలేటప్పుడు లేపు."

దిగి, గోడ నీడన చాప పరుచుకుని, అన్ని నినాదాల మధ్య క్షణంలో నిద్రపోయింది. నా పేరైనా అడగలేదు. నేనూ దిగి, గంటసేపు ఆమె ఊపిరినే చూస్తూ నిలబడ్డాను.

డ్రైవర్ హారన్ కొట్టాడు. "అమ్మా" అన్నాను. ఒక్క పిలుపుకే కళ్లు తెరిచింది.

చాప దులిపి నా చేతిలో పెట్టి బస్సు వైపు వెళ్లింది. నేను అక్కడే ఉండిపోయాను.

"వస్తవా సార్, ఈడనే ఉంటవా?" అని బస్సు మెట్ల మీది నుంచి అడిగింది.

"వస్తున్నానమ్మా" అన్నాను.