వేరు కొస కట్టేదాకా

1988 వానాకాలం. ఖరగ్‌పూర్‌లో, ఝపటాపూర్ అనే పేటలో మా పళ్ళ క్లినిక్. మధ్యాహ్నం వానలో రైలు కూతలు కూడా నిద్రమత్తుగా వినిపించేవి. అలాంటి ఒక పూట రైల్వే వర్క్‌షాప్ ఫిట్టరు కూతురు గౌరిని, తొమ్మిదేళ్ళ పిల్లని, నాయనమ్మ అప్పలనర్సమ్మ తీసుకొచ్చింది. తాడాట ఆడుతూ పడి, ముందు పన్ను దెబ్బతిని నల్లబడింది. గౌరి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే మాట్లాడుతోంది.

ఎక్స్‌రే తీశాను. లోపలి నరం చచ్చిపోయింది. వేరు కొస ఇంకా మూసుకోలేదు. మామూలు రూట్ కెనాల్‌లో పంటి లోపలి కాలువను శుభ్రం చేసి గట్టిగా నింపేస్తాం. అడుగే లేనిచోట నింపింది ఎముకలోకి జారుతుంది. అందుకని ఎపెక్సిఫికేషన్ చేయాలి. అంటే కాల్షియం హైడ్రాక్సైడ్ ముద్ద పెట్టి, పైన తాత్కాలికంగా మూసి, మూడు నెలలకోసారి మారుస్తూ, కొసన గట్టి పొర కట్టేదాకా ఆగడం. కుదరకపోతే పన్ను తీసెయ్యాల్సిందే.

“ఏటి బాబూ ఆ తెల్లది?” అంది నాయనమ్మ.

“మీరు కిళ్ళీలో వేసుకునే సున్నమే అనుకోండి,” అన్నాను. ఎంత తేలిగ్గా చెప్పానో అని మురిసిపోయాను కూడా.

రెండోసారి ముద్ద మార్చిన నెలకి నాయనమ్మ వెంట గౌరి ఏడుస్తూ వచ్చింది. చిగుళ్ళు కాలి తెల్లగా పొక్కాయి. పంటి మూత ఊడిపోయింది.

“మూత రాలిపోనాది. మందు పోతాదని నా డబ్బాలో సున్నం నానే ఎట్టినాను,” అంది ముసలమ్మ.

“బుద్ధుందా మీకు!” అని అరిచాను.

ఆమె తల వంచుకుంది. గౌరే అంది: “సున్నమని మీరే గదా సెప్పినారు డాక్టరుగోరూ?”

గౌరి నోరు కడిగి, పుండుకి మందు రాశాను.

“పీకీయండి, పిల్ల పడ్డ బాధ సాలు,” అన్నాడు సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన తండ్రి. తప్పు నాదేనని, ఇంకొక్క అవకాశం ఇమ్మని అతన్ని బతిమాలుకున్నాను.

పుండు మానాక మళ్ళీ మొదటినుంచి మొదలు. ఆ నెలలు తలుచుకుంటే ఇప్పటికీ కలలాగే ఉంటుంది. గౌరి కుర్చీలో కళ్ళు మూసుకుని జోగేది. నేను తడి ఫిల్మును కిటికీ వెలుగుకి ఎత్తి చూసేవాణ్ణి. అంతా మంచు పట్టినట్టు బూడిదరంగు. ఏడాది దాటాక ఒకరోజు కొసన సన్నటి తెల్లగీత కనిపించింది. పరికరంతో మెల్లగా తాకితే గట్టిగా తగిలింది. ప్రాణం లేచొచ్చింది.

కాలువ నింపేసి, అన్నాళ్ళూ గుమ్మం దాటి రాని ముసలమ్మను లోపలికి పిలిచి ఫిల్ము చూపించాను.

“నా సేత్తో పాడుసేసీసినాననుకున్నాను బాబూ,” అని ఏడ్చేసింది.

“మీరు చేసింది కాదమ్మా, నేను చెప్పింది తప్పు. నన్ను క్షమించండి.”

అప్పటినుంచి మందు పెట్టి పంపేముందు, మూత ఊడితే ఏం చేస్తారో ఇంటివాళ్ళ చేతే చెప్పిస్తున్నాను. అది నేర్చుకోవడానికి ఒక్కరోజు చాలింది. తప్పు నాదని ఆ ముసలమ్మతో అనడానికి మాత్రం ఏడాది పట్టింది.