మునిగిన బస్సు అద్దాలు తుడిచే ఇల్లాలు

సముద్రం సరిహద్దుల్లోనైనా లేని మా దేశంలో స్కూబా, అంటే వీపున గాలిసీసా కట్టుకుని నీటడుగుకు దిగడం, నేర్పే బడి ఒకటి వెలసింది. రాయి తవ్వి వదిలేసిన క్వారీలో నీరు నిండగా, అడుగున ఒక పాత బస్సును ముంచి, దానినే వింతగా చూపుతారు. చేపలు లేని లోటు బస్సు తీర్చాలి.

గట్టున గొడుగు కింద గురువుగారి ఉపన్యాసం. చెవినొప్పి మిషతో వారు నీళ్లలో తల ముంచి మూడేళ్లయింది. శిష్యులను చెయ్యి పట్టుకుని అడుగుకు దింపేది వారి భార్య. పొద్దున్నే దిగి బస్సు అద్దాల మీది నాచు తుడిచేదీ ఆమే. పేరుకు ముందున్న రెండు బిరుదులూ మాత్రం ఆయనవి, తనకు తాను ఇచ్చుకున్నదీ ఆయనే.

ఈ యేడు, శిక్షకుడి లైసెన్సు లేనిదే బడి నడపరాదనీ, బడికి ఒక్కరికే ఇస్తామనీ ప్రభుత్వం ఉత్తరువు చేసింది. ఆయనతో పాటు ఆమె కూడా దరఖాస్తు పంపింది.

"ఇల్లు ఊడ్చినంత మాత్రాన ఇల్లు నీదైపోతుందిటే?" అన్నారాయన.

"దిగి చూపిద్దామండీ. వాళ్లే చెబుతారు."

పరీక్షాధికారి వచ్చిన రోజున గురువుగారు దళసరి రబ్బరు సూటు కొత్తది తొడుక్కున్నారు. సూటు ఎంత దళసరైతే మనిషి అంత తేలుతాడు. మునగాలంటే నడుముకు సీసం అంత ఎక్కువ కట్టాలి. నిత్యం ఈ పాఠమే చెప్పే మహానుభావుడు, పాత పలచని సూటుకు సరిపోయిన సీసాన్నే బిగించుకున్నారు.

"ఏమండీ, బరువు చాలదేమో."

"నాకే పాఠాలా?"

అధికారి, ఆమె ఇద్దరూ మునిగారు. గురువుగారు దూకారు, తేలారు. తలకిందులై కాళ్లు కొట్టుకున్నారు. పిరుదులు మాత్రం నీటిపై సగౌరవంగా నిలిచాయి.

"మాస్టారూ, బండరాయి ఏమైనా అందించమంటారా?" అని అరిచాడొక శిష్యుడు.

"ఇవాళ నీళ్లు బరువుగా ఉన్నాయిరా!"

ఆ పెనుగులాటలో గాలికి కొట్టుకుపోయి ఆయన క్వారీ నడిమికి చేరారు. అడుగున ఆమె కళ్లద్దం తీసి మళ్లీ పెట్టుకుంది, తన గాలి అధికారికి పంచింది, చెప్పినవన్నీ చేసి పావుగంటకు పైకి వచ్చింది.

"ఆ తేలుతున్నదెవరమ్మా?"

"మావారండీ."

"ఈత వచ్చా?"

"పైపైన వచ్చండీ."

అధికారి గట్టున కూర్చుని కాగితం తీశాడు. "లైసెన్సు ఎవరి పేర రాయమంటారు? పూర్తి పేరు చెప్పండి."

"ఏమే! ఇద్దరి పేర్లూ చెప్పు! ముందు నాది!" నీటి నడుమనుంచి కేక వినవచ్చింది. "ముందు తాడు వెయ్యవే, కాళ్లు పట్టేస్తున్నాయి!"

ఆమె తన పేరొక్కటే పొల్లు పోకుండా చెప్పింది. అధికారి రాసి, సంతకం చేశాడు. ఆమె సిరా ఆరేదాకా నిలబడి, కాగితం అందుకుని, ఆ తరువాతనే తాడు విసిరింది.