పార్కింగ్ లాట్‌లో మహారాజా

మా కాండో ఇళ్ళకి ఎదురు వరసలో ఉండే ముసలాయన ఒకప్పుడు ఇండియా మహారాజా. ఈ మాట నేను చెప్పటం లేదు, మెయిల్‌బాక్సుల దగ్గర మొదటిసారి కలిసినప్పుడు ఆయనే చెప్పాడు. "మీది ఇండియానా? నాదీ అదే" అన్నాడు. గులాబీరంగు మొహం, నీలం కళ్ళు.

"ఇండియాలో ఎక్కడ?" అన్నాను.

"ప్యాలెస్‌లో" అన్నాడు.

నిజానికి ఆయనది ఒహాయోలోని టొలీడో. ఒకప్పుడు పదిహేనేళ్ళు ప్రొఫెషనల్ రెజ్లింగ్ చేశాడు, అందులోనూ విలన్ వేషం. మొహానికి గోధుమరంగు పూసుకుని, తలపాగా చుట్టి, రింగ్‌లో అగరొత్తులు వెలిగించి, అదను చూసి అవతలివాడి కళ్ళల్లో పసుపు కొట్టేవాడు. ఫోటో చూపిస్తే నాకు ఒళ్ళు మండింది.

"పదిహేనేళ్ళు మా దేశం పరువు తీసి బతికారన్నమాట" అన్నాను.

ఆయన నొచ్చుకోలేదు సరికదా, మొహం వెలిగిపోయింది. "జనం కూడా అచ్చం నీలాగే తిట్టేవాళ్ళు. లోపలికి రా, కాఫీ తాగుతూ తిట్టుకుందాం, లాయర్."

నేను లాయర్ని కాను. కార్ల కంపెనీలో సీటు బెల్టులు తెగేదాకా లాగి చూసే విభాగంలో ఇంజనీర్ని. మనుషుల్నీ అలాగే లాగి చూస్తానని నా మాజీ భర్త అనేవాడు. ఆ మాట నేను ఒప్పుకోను గానీ, టెస్ట్ రిజల్ట్స్ మాత్రం ఆయన పక్షానే ఉన్నాయి. కాలిఫోర్నియాలో ఉన్న మా అమ్మాయి ఆదివారం ఫోన్ చేస్తే "అమ్మా, టుడే నో ఆర్గ్యుమెంట్స్, ఓకే?" అని మొదలుపెడుతుంది. ఇరవై ఏళ్ళ స్నేహితురాలు ఒకావిడ ఉండేది, మూడు వీధుల అవతల. ఉగాది ఫంక్షన్‌లో పిల్లల నాటికలకి జడ్జిగా కూర్చుని సొంత కూతురికి ఫస్ట్ ప్రైజ్ ఇచ్చుకుంది. మైకు ఆన్‌లో ఉండగానే అడిగేశాను. తర్వాత వాళ్ళు నేపర్‌విల్ వెళ్ళిపోయారు. నాలుగేళ్ళయింది, మాటల్లేవు. ఆ రోజు న్యాయం నా వైపే ఉంది. ఇప్పటికీ నా వైపే ఉంది. ఇంట్లో మాత్రం నేను తప్ప ఎవరూ లేరు.

అందుకని గురువారాలు, వర్క్ ఫ్రమ్ హోమ్ అయ్యాక, నాలుగింటికి మహారాజాగారింట్లో కాఫీ.

మన సినిమాలకి నైజాం, సీడెడ్ అని ఏరియాలు పంచుకున్నట్టే అప్పట్లో రెజ్లింగ్‌కీ ఏరియాలుండేవట. ఒక్కో ఏరియాకి ఒక యజమాని. ఒకరి హద్దులోకి ఇంకొకరు రాకూడదు. శనివారం లోకల్ టీవీలో ఒక గంట తిట్టుకోవటం, వారమంతా హైస్కూల్ జిమ్ముల్లో కొట్టుకోవటం. జనానికి మొహం మొత్తేలోపు వేషం మూటగట్టుకుని పక్క ఏరియాకి పోవాలి. ఇక్కడ మహారాజా, టెనెసీలో రష్యన్, టెక్సస్‌లో జర్మన్ ఈయనే. తర్వాత కేబుల్ టీవీ వచ్చింది, ఒక పెద్ద కంపెనీ అన్ని ఏరియాలనీ మింగేసింది. ఈయన స్కూల్ బస్సు నడుపుకున్నాడు.

"ఎవరు గెలవాలో ముందే అనుకునేవారు కదా? ఇప్పుడైనా ఒప్పుకోండి" అని ప్రతి గురువారం అడిగేదాన్ని.

"వాడు నన్ను ఓడించాడు, లాయర్. ప్రతిసారీ. మోసం చేసి."

వాడు అంటే ఇక్కడికి గంట దూరంలో ఉన్న ఫ్లింట్ ఊరి హీరో. కార్ల ఫ్యాక్టరీ కార్మికుడి కొడుకు, ఊరందరి ముద్దుబిడ్డ. ఈయన ప్రాణస్నేహితుడు. కానీ ఆ సంగతి ఎవరికీ తెలియకూడదు. వాళ్ళ లోకంలో అన్నిటికంటే పెద్ద నియమం అదే: హీరో, విలన్ ఒకే కారెక్కకూడదు, ఒకే హోటల్లో తినకూడదు, ఒకే తలుపులోంచి రాకూడదు. చూస్తే జనం నమ్మకం పోతుంది. ఒకసారి వీళ్ళిద్దరూ దొంగచాటుగా ఒకే కారులో వస్తుంటే సాగినా అనే ఊరి దగ్గర మంచులో జారి గుంటలో పడ్డారు. పోలీసులొచ్చేలోపు హీరోగారు విరిగిన చీలమండతో మొక్కజొన్న చేల మీదుగా రెండు మైళ్ళు నడిచి వెళ్ళిపోయాడట. అప్పటినుంచి ఆయన కుంటుతుంటే, మహారాజా విరగ్గొట్టాడని టీవీలో చెప్పుకున్నారు. ఆ కథ చెబుతూ ఈయన కళ్ళు తుడుచుకున్నాడు. నేను కాఫీ కప్పులోకి చూశాను.

పోయిన ఫిబ్రవరిలో ఒక మంగళవారం ఆయనే నా తలుపు కొట్టాడు. "ఫ్లింట్‌లో వాడు పోయాడు. నాకు లైసెన్స్ లేదుగా. డ్రైవ్ చేస్తావా? ఒకటే షరతు. నేనెవరో అక్కడ ఎవరికీ చెప్పకూడదు."

సరేనన్నాను.

ఫ్యూనరల్ హోమ్ పార్కింగ్ లాట్‌లో, తలుపుకి బాగా దూరంగా ఆపమన్నాడు. సూటు వేసుకున్నాడు, జుట్టు దువ్వుకున్నాడు, కారు మాత్రం దిగడు. పది నిమిషాలు చూశాను.

"నలభై ఏళ్ళయింది. ఎవరు గుర్తుపడతారు మిమ్మల్ని?"

"ఒక్కడు గుర్తుపట్టినా చాలు."

"పడితే ఏమవుతుంది? ఆ ఏరియాలు లేవు, ఆ యజమానులు లేరు..."

"లోపల వాడి మనవలుంటారు, లాయర్. వాళ్ళకి తాతంటే మహారాజాని తన్నినవాడు. నేను వెళ్ళి ఆ శవపెట్టె పక్కన ఏడిస్తే, వాడు తన్నింది ఎవర్ని?"

అక్కడితో ఊరుకునే మనిషినైతే ఈ కథంతా వేరేలా ఉండేది. ఇంత దూరం వచ్చి స్నేహితుడి మొహం చూడకుండా వెళ్ళిపోతాడా? బాత్రూమ్‌కని చెప్పి లోపలికెళ్ళాను. పెట్టెకి అటూ ఇటూ పాత పోస్టర్లు పెట్టారు. ఒకదాంట్లో హీరోగారు మా ముసలాయన తలపాగా పట్టుకుని గుంజుతున్నాడు. హీరోగారి భార్య చేతికర్ర పట్టుకుని ఒక్కతే నిలబడి ఉంది. వెళ్ళి చెవిలో చెప్పేశాను: మీ ఆయన స్నేహితుడు బయట కారులో ఉన్నాడు, రమ్మంటే రావటం లేదు, మీరు చెబితే వస్తాడు.

ఆవిడ ఆశ్చర్యపోలేదు. కిటికీ వైపు చూసింది. "నీలం కారా?" అంది. "వాడి భార్య పోయినప్పుడు టొలీడోలో మా ఆయనా అంతే. రెండు గంటలు కారులో కూర్చున్నాడు. నేనే లోపలికెళ్ళొచ్చాను. వాడు ముందు తలుపు నుంచి వస్తే మా ఆయన లేచి కొడతాడమ్మా." నవ్వింది. "వాడు మా ఇంటికి ఎప్పుడూ వంటింటి వైపు నుంచే వచ్చేవాడు. ఐదింటికి అందరూ వెళ్ళిపోతారు. వెనక పూలు దించే తలుపు తీసి ఉంచమంటాను. నేను చెప్పానని మాత్రం చెప్పకు. నీకే కనబడిందని చెప్పు."

కారెక్కాను. "ఎవరికైనా చెప్పావా?" అన్నాడు, నా మొహంలోకి చూస్తూ.

"లేదు" అన్నాను. ఉన్నది ఉన్నట్టు మొహం మీద చెప్పటమే నా గొప్ప అనుకుని ముగ్గురు నలుగుర్ని పోగొట్టుకున్నదాన్ని. అబద్ధం ఇంత తేలిగ్గా వస్తుందని తెలియదు. "వెనకాల పూల తలుపు ఒకటి తీసి ఉంది. ఐదయ్యాక అక్కడ ఎవరూ ఉండేట్టు లేరు."

ఆయన ఐదు దాటాక, చివరి కారు కూడా వెళ్ళాక, తలుపు తెరుచుకుని దిగాడు. గోడ వారగా, కాలర్ పైకెత్తుకుని, మంచులో మెల్లగా నడుచుకుంటూ భవనం వెనక్కి మలుపు తిరిగాడు.

అరగంట కూర్చున్నాను. లాట్‌లో నా కారొక్కటే. హీటర్ చప్పుడు. ఉగాది రోజు మైకు ముందు నేనూ నా స్నేహితురాలూ ఎంత బాగా తిట్టుకున్నామో గుర్తొచ్చింది. హాలంతా మమ్మల్నే చూసింది, పిల్లలు కూడా. మహారాజా, హీరో అయితే ఆ రాత్రి వంటింటి తలుపు దగ్గర కలుసుకుని నవ్వుకునేవాళ్ళు. మాది నిజం పోట్లాట. మేము వెనక తలుపేదీ ఉంచుకోలేదు. ఫోన్ తీసి ఆవిడ నంబర్ దాకా వెళ్ళాను. ఏమని మొదలుపెట్టాలో తెలియలేదు. మొదలుపెడితే మళ్ళీ ఆ ప్రైజ్ దగ్గరికే వెళ్తానని తెలుసు. ఫోన్ డాష్‌బోర్డ్ మీద పెట్టేశాను.

ఆయన వచ్చి కూర్చున్నాడు. కోటుకి పూల వాసన. ముక్కు ఎర్రగా ఉంది.

"బాగా చిక్కిపోయాడు" అన్నాడు. "రీమ్యాచ్ ఇవ్వకుండా పోయాడు, దొంగ. ఈసారి నేనే గెలిచేవాణ్ణి."

ఎవరు గెలవాలో ముందే అనుకుంటారుగా అనాలి నేను. మూడేళ్ళుగా అంటూనే ఉన్నాను.

"గెలిచేవారు" అన్నాను.

తలూపాడు. బెల్టు కోసం చాపితే చెయ్యి వెనక్కి పోలేదు, ఆ భుజం ఎప్పుడో పోయింది. నేనే వంగి సీటు బెల్టు లాగి పెట్టాను.