ఎడమ చేతి ముద్ద

ఎండు మిరపకాయల ఘాటు తగిలితే అందరికీ తుమ్ములొస్తాయి, నాకు మా అత్తగారు గుర్తొస్తారు. అరవైల మొదట్లో సంగతి. కళ్లంలో కూర్చుని తెల్లబడ్డ తాలుకాయలు ఏరుతున్నాం. కూలీలను కేకలేస్తూనే ఆవిడ చేతిలోని కాయలు జారవిడిచారు. మళ్లీ తీసుకున్నారు, మళ్లీ జారాయి. మాట ముద్దగా వచ్చింది, మూతి ఓ పక్కకి లాగేసింది. ఘాటు నెత్తికెక్కిందన్నారు అందరూ. మిరప కళ్లంలో ఎవరికేమొచ్చినా ఘాటు మీదికే తోసేవాళ్లం. నేనే పరుగున మజ్జిగ తెచ్చి తాగించాను. గుటక పడక సగం పక్కనుంచి కారిపోయింది, సగం ఊపిరికి అడ్డం పడి ఉక్కిరిబిక్కిరయ్యారు. కుడి కాలూ చెయ్యీ చచ్చుబడ్డాయని, మాట కూడా పడిపోయిందని అప్పుడు చూశాం. ఆ మజ్జిగ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపమొస్తుంది.

గుంటూరు ఆసుపత్రిలో పదిరోజులున్నాం. అక్కడి నర్సమ్మ దగ్గర నేర్చుకున్నదే నా చదువంతా. ఒకే పక్కన పడుకోబెడితే వీపు పుండ్లు పడుతుంది కాబట్టి రెండు గంటలకోసారి తిప్పాలి. పడిపోయిన చేతిని రోజూ వంచి చాపాలి. కూర్చోబెట్టి, మెత్తటి ముద్ద స్వాధీనంలో ఉన్న బుగ్గలో పెట్టాలి. "ఆ రెండో చెయ్యి బాగానే ఉందిగా, తన పని తనని చేసుకోనివ్వమ్మా" అని వచ్చేటప్పుడు మరీ మరీ చెప్పింది. ఇంటికొచ్చాక బంధువులు పావురాలు పట్టుకొచ్చారు, నెత్తురు రాస్తే చెయ్యి లేస్తుందట. మామగారు కాదనలేకపోయారు. దుప్పట్లు ఉతకలేక నా చేతులు పడిపోయాయి గానీ ఆవిడ చెయ్యి మాత్రం లేవలేదు.

అసలు చిక్కు అన్నం దగ్గరొచ్చింది. పదిమందికి కొసరి కొసరి వడ్డించిన మనిషి, కోడలి చేత పెట్టించుకోవడం చిన్నతనమనుకున్నారు. రెండు ముద్దలు తిని నోరు బిగించేవారు. నెల తిరిగేసరికి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. తిండి లేకపోతే మనిషి దక్కదని డాక్టరు గారు మామగారితో తేల్చి చెప్పారు. ఎడమ చేత్తో తినమంటే మొహం తిప్పేసుకునేవారు.

ఇందులో తమాషా ఏమిటంటే, నాది పుట్టుకతో పుర్రచేతి వాటం. కాపురానికొచ్చిన కొత్తలో ఎడమ చేత్తో గరిటె పట్టుకున్నానని అదే గరిటెతో నా మణికట్టు మీద ఒక్కటిచ్చారు. ఏడాది తిరిగేలోపు నా వాటం మార్పించి ఊరుకున్నారు. ఆవిడ ఎడమ చేతిని చూస్తుంటే ఒక్క క్షణం నాకు లోపల 'బాగా అయింది' అనిపించింది. ఆ వెంటనే సిగ్గేసింది. రెండూ నిజమే.

ఒక మధ్యాహ్నం పప్పన్నం కలిపి ముందు పెట్టి, "ఈ చేత్తో తినండి అత్తయ్యా" అన్నాను. ఆవిడ కోపంగా ఎడమ చెయ్యెత్తి దొడ్డివైపు, అక్కడున్న చెంబువైపు చూపించారు. కడుక్కునే చేత్తో అన్నమా అని.

నాకూ ఒళ్లు మండింది. "ఆ పని ఇప్పుడు నేను చేస్తున్నానుగా! నెల్లాళ్లయి మీ చెయ్యి ఆ చెంబు ముట్టుకుందా? ఇక దానికి మైలేమిటి? మైలంటే నా చేతులకే, ఆ చేతులతోనే రోజూ మీకు తినిపిస్తున్నా" అనేశాను.

అనకూడనిదే అన్నాను. ఆవిడ కళ్లు నిండాయి. తర్వాత నీళ్లు తెమ్మని సైగ చేశారు. సీకాయ పొడితో మూడుసార్లు కడిగించుకుని, తలుపు వెయ్యమని చూపించారు. మొదటి ముద్ద చీర మీద పడింది. రెండోది గడ్డానికి తగిలింది. వేళ్లెలా మడవాలో, బొటనవేలితో ఎలా నెట్టాలో పక్కన కూర్చుని నా ఎడమ చేత్తో చేసి చూపించాను. ఏళ్లు గడిచినా నా చెయ్యి మరిచిపోలేదు. పళ్లెంలో సగం తిన్నారు. నాకైతే పెళ్లిభోజనం తిన్నంత తృప్తిగా ఉంది.

రెండు నెలలకు కనిగిరి నుంచి మా ఆడపడుచు వచ్చింది. గుమ్మంలోనే నిలబడిపోయి, "ఇదేం ఖర్మే అమ్మా! ఎడమ చేత్తో అన్నమా? ఇంట్లో చూసేవాళ్లే లేరా?" అని నావైపు తిరిగింది.

నేను నోరు తెరిచేలోపు అత్తగారు ముద్దని పళ్లెంలో పెట్టేశారు. అప్పటికి మాట కొద్దికొద్దిగా వస్తోంది గానీ, ఒక్కో మాటకీ ఎంతసేపో పట్టేది. "కో... డలు" అన్నారు. ఆగి, ఊపిరి తీసుకున్నారు. 

"నేర్పింది" అని, మళ్లీ ముద్ద ఎత్తుకున్నారు.