బోరుకు ఒగ్గిన చెవులు

హెడ్‌ఫోన్లంటే నాకు సరదా కాదు, కూడు. ఎక్కడెక్కడో జరిగిన మీటింగులు, ఇంటర్వ్యూలు రికార్డు చేసి పంపిస్తారు. విని, టైపు చేసి పంపడం నా పని. పొద్దున టీ తాగి చెవులు మూసుకుంటే మళ్ళీ అన్నానికే తెరవడం. చెవిలో దూర్చేవి వాడి పుండ్లు పడ్డాయి. చెవి మీద ఆనేవి వాడితే కళ్ళజోడు కాడలు ఎముకలోకి దిగబడి, సాయంత్రానికి తల పట్టేసేది. ఉన్నవాటితోనే నెట్టుకొస్తూ ఉండేదాన్ని. కొత్తవి కొనాల్సి వచ్చింది మాత్రం ఉద్యోగం వల్ల కాదు, నాయన ఫోనులో మిగిలిపోయిన ఒక రికార్డింగు వల్ల.

మా ఊరు కళ్యాణదుర్గం దాటి పోవాలి. చేలో బోరు ఎండిపోయి రెండేళ్ళయింది. మావైపు బోరు ఎండిందంటే ఎవరూ ఒక పట్టాన నమ్మరు. గులకరాయి ఒకటి లోపలికి వదిలి, బోరు మూతికి చెవి ఆనించి వింటారు. నీళ్ళుంటే బుడుంగుమంటుంది. లేకపోతే ఆ రాయి ఏమైపోయిందో కూడా తెలియదు. నాయనకు చివరిరోజుల్లో చెవి మందగించింది. రాళ్ళు వేసీ వేసీ విసుగొచ్చి, ఆయన ఒక ఉపాయం కనిపెట్టాడు. ఫోనులో రికార్డింగు నొక్కి, దాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, ఎద్దుల పలుపుతాళ్ళన్నీ ముడేసి బోరులోకి దించాడు. చెవి పోలేని చోటికి ఫోను పోతుంది కదా అని ఆయన తర్కం. ఇంకో ఊళ్ళో అయితే నవ్వేవాళ్ళు. మా ఊళ్ళో ఇద్దరు ముగ్గురు, తమ బోర్లలోకి కూడా దించిపెట్టమని అడిగారు.

ఫోను క్షేమంగానే పైకి వచ్చింది. ఇంటికి తెచ్చి, స్పీకరు పెట్టి, చెవికి ఆనించుకుని విని, అమ్మతో ఒకటే మాట అన్నాడు. "ఉండాది."

నెల తిరక్కుండానే నాయన పోయాడు. చేనికి బయలుదేరి, గడప దగ్గర చెప్పులు వేసుకుంటూ అట్లాగే కూలబడ్డాడు. మా వాళ్ళలో పూడుస్తారు. ఆ చేని గట్టు పక్కనే, బోరుకు కాస్త ఎడంగా పూడ్చాం. నేను ఎక్కడున్నా చేసుకోగలిగిన పని కాబట్టి మూటాముల్లె సర్దుకుని అమ్మ దగ్గరికి వచ్చేశాను.

అప్పట్నుంచి బోరు గొడవ మొదలైంది. గొర్రెలు తోలుకునేవాళ్ళు, పిల్లాజెల్లా తిరిగే చోటు. బోరు నోరు తెరుచుకుని ఉంది, బండ వేసి మూసేయమని ఊరంతా ఒత్తిడి. అమ్మ వినదు. "ఉండాదని చెప్పి పోయినాడు. నీళ్ళుండే బోరు మీద బండ ఎట్లేస్తారప్పా?" అని వచ్చినవాళ్ళను వచ్చినట్టే పంపేసేది. రోజూ పొద్దున పోయి బోరు పక్కన కూర్చునేది. బండ వేస్తే నాయన చివరిమాట అబద్ధమైపోతుంది. అదీ ఆమె బాధ. బండ వెయ్యకపోతే ఏ పసిబిడ్డ జారిపడుతుందోనని నాకు కంటిమీద కునుకు లేదు. ఒకరోజు తనే ఒక దారి చెప్పింది.

"ఇనేదే కదా నీ పని. దుడ్లిచ్చేవాళ్ళవి ఇంటావు, మీ నాయనది ఇనలేవా? ఇని చెప్పు. నీళ్ళుంటే అట్లే పెడదాం, లేకుంటే మూసేద్దాం."

పాత హెడ్‌ఫోన్లతో ప్రయత్నించాను. బుస్సుమనే రొద, తాడు రాపిడి తప్ప ఏమీ తెలియలేదు. రికార్డింగేమో చాలా పొడుగు. ఫోనును అడుగున వదిలి నాయన చాలాసేపే కూర్చున్నట్టున్నాడు. సగంలోనే చెవులు మంటెత్తిపోయేవి. నిజం చెప్పాలంటే, మంట వంకతో తీసి పక్కన పెట్టేసేదాన్ని. నాకు భయంగా ఉండేది.

అనంతపురం వెళ్ళి, టవర్ క్లాక్ దగ్గర ఒక షాపులో కూర్చున్నాను. కూర్చున్నాను అంటే నిజంగానే కూర్చున్నాను. ఒక్కోదాన్నీ పెట్టుకుని కదలకుండా. షాపతనికి ఓపిక నశించింది.

"పాట ఇనబడ్తాంది గదక్కా, ఇంకేమి చూస్తాండావు?"

"పాట తీసెయ్యన్నా. ఏమీ పెట్టొద్దు. ఉత్తగా పెట్టుకోవాల."

ఉత్త హెడ్‌ఫోన్లు తగిలించుకుని గోడవైపు చూస్తున్న నన్ను చూసి అతను పక్కషాపు వాడికి కళ్ళతో సైగ చేశాడు. చెయ్యనీ. చెవుల మీద రోజంతా మోసేది అతను కాదు కదా. తోలులాంటి మెత్తలున్నవి మా ఎండకు నిమిషాల్లో చెమటతో తడిసిపోయాయి. ఒకటి నడినెత్తిన బరువు వేసింది. ఒకదాంట్లో నా పని ఫైలు పెట్టి చూస్తే, మనిషి దగ్గినా డప్పు మోతే. బయటి చప్పుడును మింగేసేది బాగుంది కానీ దాని ధర నన్ను మింగేసేలా ఉంది. చివరికి అట్టడుగు అరలోంచి ఒక వైరున్నది తీయించాను. గుడ్డ మెత్తలు, తేలిక. చెవి మొత్తం లోపల కూర్చుంటుంది, ఎక్కడా ఆనదు, కళ్ళజోడు వల్ల నొప్పి లేదు. రంగు మాత్రం ఎండిన పేడ రంగు.

"అది ఎవురూ కొనరక్కా," అన్నాడతను.

"అయితే తగ్గించుకో," అన్నాను. తగ్గించాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం, అమ్మ చేనికి పోయిన వేళ, తలుపు దగ్గరికి వేసి, ఫ్యాను ఆపేసి కూర్చున్నాను. మొదట నాయన వేళ్ళు. కవరు చరచరమంది. ఆయన ఊపిరి, ముడి బిగిస్తూ ఒక మూలుగు. తర్వాత తాడు రాపిడి. పైనున్న కాకి అరుపు, దూరాన ట్రాక్టరు మోత కొంచెం కొంచెంగా చిన్నవై పోయాయి. ఆ తర్వాత నిశ్శబ్దం. నేను రోజూ వినే ఖాళీ కాదది. ఎవరో పక్కన కూర్చుని నోరు మూసుకున్నట్టుంది. రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకున్నాను.

అప్పుడు వినిపించింది. జలజల. సన్నగా, ఆగి ఆగి. ఆనందంతో లేచి నిలబడ్డాను. నాయన విన్నది ఇదే. అనుమానం నా వృత్తిరోగం కాబట్టి వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాను. ఈసారి ఒక్కో రవ్వా విడివిడిగా తెలిసింది. శనక్కాయలు జల్లెడ పట్టేటప్పుడు కిందికి రాలే మన్ను చప్పుడు. తాడు ఒరుసుకుని గోడనుంచి పొడిమట్టి రాలుతోంది. ఫోను స్పీకరులో అది నీళ్ళే. ఈ పాడు హెడ్‌ఫోన్లలో మన్ను. వాటిని కొన్నందుకు నామీద నాకే కోపం వచ్చింది.

తీసేద్దామని చెయ్యి ఎత్తేలోపు, చాలా పైనుంచి, గొట్టంలోంచి దిగివచ్చినట్టు నాయన గొంతు.

"గంగమ్మా... ఉండావా?"

నీళ్ళ తల్లిని పిలుస్తున్నాడు. జవాబు కోసం ఆగాడు. మళ్ళీ పిలిచాడు. "ఉంటే పలుకు తల్లీ." ఆయన పైన ఎండలో, బతికి ఉన్నాడు. అడుగున చీకట్లో ఉన్నది నేను. గట్టు పక్కన మట్టి కప్పింది ఆయన మీద కాదు, నా మీద అనిపించింది. పలకాలని నోరు తెరిచాను.

భుజం మీద చెయ్యి పడేసరికి కెవ్వున అరిచాను. అమ్మ. ఎప్పుడొచ్చిందో వినపడలేదు.

"ఏమి ఇనబడ్తాంది?"

హెడ్‌ఫోన్లు తీశాను. "ఈడికి తే," అంది. తలకు తగిలిస్తే కమ్మలు నొక్కుకున్నాయి. నాయన పోయినప్పుడు ఎవరెంత చెప్పినా తీయని కమ్మలవి. ఒక్కొక్కటే విప్పి నా చేతిలో పెట్టింది. చెవులు బోసిగా, పసిపిల్ల చెవుల్లా కనిపించాయి. రికార్డింగు మొదటినుంచి పెట్టాను.

మన్ను రాలే చోటు వచ్చింది. ఆమె ముఖం చూశాను. కనురెప్ప కూడా కదల్లేదు. ఆ తర్వాత నాయన పిలిచే చోటు వచ్చింది. చెవులు మూసుకున్నవాళ్ళకు తమ గొంతు తమకు తెలియదు. ఇల్లంతా మోగేలా అరిచింది.

"ఉండా! ఈడే ఉండా!"

మళ్ళీ ఆగి, అంత గట్టిగానూ, "యాడికీ పోలేదు!"

అయిపోయాక హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "అది నీళ్ళు గాదు, మన్ను. ఆ పొద్దు నేను బిందెలు మోసి ఏడుస్తాంటి. అందుకే ఉండాదని చెప్పినాడేమో," అంది. హెడ్‌ఫోన్లు నాకు ఇచ్చేసి, "బండ ఏపిచ్చు," అంది.

నాలుగు రోజులకు బండ వేయించాం. హెడ్‌ఫోన్లు నా పనికే వాడుతున్నాను. ఎంతసేపున్నా చెవులు నొప్పెట్టవు. అదే చిక్కు. పెట్టుకున్న సంగతే మరిచిపోతాను. ఒక ఫైలు అయిపోయి ఇంకోటి మొదలయ్యే సందులో మళ్ళీ ఆ బోరు అడుగు చీకటి. ఒక్కోసారి అప్పుడే అమ్మ వంటింట్లోంచి అన్నానికి పిలుస్తుంది. ఆ గుడ్డ మెత్తల గుండా ఆమె పిలుపు చాలా పైనుంచి దిగివచ్చినట్టు వస్తుంది.

"ఉండా!" అని అరుస్తాను. పక్కింటివాళ్ళకు కూడా వినపడేంత గట్టిగా.